నీళ్ళు తాగే ట్రాక్టరు, పట్టేసిన ఇంజను: హెడ్డు విప్పే ముందు ఏం చూడాలి?

సంక్రాంతికి షెడ్డులో పెట్టిన బండిని తొలకరికి బయటికి తీస్తారు. సెల్ఫ్ కొడితే "టక్" అంటుంది, అంతే. లేదంటే స్టార్టు అవుతుంది గానీ పూటకో బిందెడు నీళ్ళు తాగుతుంది. ఏటా జూన్ వచ్చేసరికి నన్ను అడిగేవి ఈ రెండే. అడిగేవాళ్ళు వీటిని రెండు వేరు జబ్బులనుకుంటారు. నా చేతికొచ్చిన పాత బండ్లలో చాలావాటిలో అవి ఒకే జబ్బు. నీళ్ళు పోకూడని చోటికి పోయాయి, అక్కడ ఇంజను పట్టేసింది. కాబట్టి ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: నీళ్ళు ఎటు పోయాయో తేలేదాకా ఇంజన్ని బలవంతంగా తిప్పొద్దు.

ఇది రేడియేటరున్న పాత డీజిల్ బండ్ల గురించి: మాస్సీ 1035, హెచ్ఎంటీ జెటార్, పాత మహీంద్రా, ఫోర్డ్, ఎస్కార్ట్స్ లాంటివి. మీది పాత ఐషర్ ఎయిర్ కూల్డ్ అయితే దానికి నీళ్ళే లేవు, కాబట్టి లీకుల భాగం వదిలేయండి.

దగ్గర పెట్టుకోవలసినవి

- పానాల సెట్టు, క్రాంక్ పుల్లీ (ఇంజను ముందు కింద ఉండే బెల్టు చక్రం) నట్టుకు సరిపోయే సాకెట్టు, పొడవాటి హ్యాండిలు
- టార్చి, పెద్ద అట్టముక్క, పాత గుడ్డలు
- రెండు మూడు పారదర్శకమైన సీసాలు (నీళ్ళ బాటిళ్ళు చాలు)
- పవర్ స్టీరింగ్ ఆయిలు ఒక లీటరు, కొంచెం డీజిలు
- కొత్త రాగి వాషర్లు, నాజిల్ (సిలిండర్లోకి డీజిలు చిమ్మేది) కింద వేయడానికి
- కళ్ళద్దాలు. ఇవి నవ్వులాటకు చెప్పడం లేదు, నాలుగో అడుగులో తెలుస్తుంది.
- ఫోనుకు తగిలించే సన్నటి కెమెరా వైరు దొరికితే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మొదలుపెట్టే ముందు

బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు రాళ్ళు పెట్టి, న్యూట్రల్‌లో ఉంచండి. బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయండి. ఇంజను వేడిగా ఉంటే రేడియేటర్ మూత జోలికి పోవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్ళు మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి తన్నుతాయి. వేడెక్కి ఆగిన ఇంజన్లో చల్లనీళ్ళు పోయడం ఇంకో పొరపాటు. హెడ్డో (ఇంజను పై మూత) బ్లాకో (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) పగులుతుంది. గంట, గంటన్నర ఆగండి.

ఒక హెచ్చరిక ఇంట్లో అందరికీ చెప్పండి. దించిన కూలెంటు (రేడియేటర్ నీళ్ళలో కలిపే ద్రవం) తియ్యగా ఉంటుంది, విషం. బేసిన్లో పట్టి పాక పక్కన వదిలేస్తే కుక్కో దూడో తాగుతుంది. పట్టిన వెంటనే మూతున్న డబ్బాలో పోయండి.

1. బండి ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి

దీనికి పానా అక్కర్లేదు గానీ సగం సమాధానం ఇక్కడే దొరుకుతుంది.

దమ్ములోనో దుక్కిలోనో బలం తగ్గుతూ, వేడి ముల్లు ఎరుపులోకి పోయి ఆగిందా? పిస్టన్లు వేడికి ఉబ్బి స్లీవులకు (అవి పైకీ కిందికీ ఆడే గొట్టాలకు) పట్టేసి ఉండొచ్చు. ఆయిల్ ప్రెషర్ పడిపోయి, కింద దడదడ కొట్టి ఆగిందా? అది బేరింగుల పని. నిన్న సాయంత్రం బాగానే పెట్టి, పొద్దున తిప్పితే తిరగలేదా? సిలిండర్లో నీళ్ళు చేరి ఉండొచ్చు. నెలల తరబడి కదలకుండా ఉందా? తుప్పు. వానలో సైలెన్సర్ నోరు తెరిచి నిలబడిందా? వాన నీళ్ళు సైలెన్సర్లోంచి దిగి, తెరిచి ఉన్న వాల్వు దారిన సిలిండర్లోకి పోయాయి. ఈ చివరిది చాలా మామూలు. దీనికి హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు పలక) మార్చినవాళ్ళను చూశాను, డబ్బు దండగ.

2. పట్టేసింది నిజంగా ఇంజనేనా?

సెల్ఫ్ మోటారు పళ్ళు ఫ్లైవీల్ రింగులో ఇరుక్కున్నా అదే "టక్" వినిపిస్తుంది. బ్యాటరీ చచ్చినా, ఎర్త్ వైరు చివర తుప్పు పట్టినా అంతే. సెల్ఫ్ బోల్టులు విప్పి మోటారు బయటికి తీసేయండి. ఫ్యాను బెల్టు కూడా తీయండి. నీళ్ళ పంపో డైనమోనో బిగుసుకుంటే బెల్టు తీయగానే చేతికి తెలుస్తుంది. క్లచ్చు తొక్కి పట్టుకోమని ఒకరికి చెప్పి, అప్పుడు క్రాంక్ పుల్లీ నట్టుకు సాకెట్టు పెట్టి మెల్లగా తిప్పి చూడండి. ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు. ఒక చేతి బలం చాలు. తిరగకపోతే వదిలేయండి, తేలాల్సింది తేలింది.

ఇక్కడ చేయకూడనివి మూడు:

ఫ్యాను రెక్కలు పట్టి లాగొద్దు, వంగుతాయి. పైపు తొడిగి ఇద్దరు వేలాడొద్దు, నట్టు తెగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంకో ట్రాక్టరుకు తాడు కట్టి టాప్ గేరులో లాగించొద్దు. సిలిండర్లో నీళ్ళుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. ఊళ్ళో పదిమంది చేరితే ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు. టీ ఇచ్చి పంపేయండి.

3. ఆయిలు ఏం చెబుతోంది?

బండి ఒక రాత్రంతా కదలకుండా ఉన్నాక పొద్దున్నే ఈ పని చేయండి. నీళ్ళు ఆయిలుకన్నా బరువు, అడుక్కి దిగుతాయి. చాంబర్ (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టు కింద సీసా పెట్టి, బోల్టు పూర్తిగా తీయకుండా రెండు మరలు వదులు చేయండి. ముందుగా నీళ్ళు వస్తే ఆయిల్లో నీళ్ళు ఉన్నట్టే. సీసాలో పట్టి ఉంచండి, రంగు తర్వాత పనికొస్తుంది.

డిప్‌స్టిక్ మీద ఆయిలు చిక్కటి మజ్జిగలా ఉంటే నీళ్ళు బాగా కలిసిపోయాయి. ఇక్కడ రెండు తప్పు లెక్కలు జరుగుతాయి. ఒకటి: ఆయిలు పోసే మూత లోపల మాత్రమే తెల్లటి పొర కనిపించి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే అది చెమ్మ కావచ్చు. తక్కువ దూరాలు తిప్పే బండికి చలికాలంలో అలా పడుతుంది, కంగారు పడొద్దు. రెండు: ఆయిలు మట్టం పెరిగింది గానీ పల్చగా నల్లగా ఉండి డీజిలు వాసన కొడుతుంటే అది నీళ్ళు కాదు, డీజిలు. ఫీడ్ పంపు డయాఫ్రం గానీ, ఇంజెక్షన్ పంపు సీలు గానీ, కారే నాజిల్ గానీ చూసుకోవాలి.

అనుమానం తీరకపోతే పాత రేకుముక్కను కాల్చి, దాని మీద రెండు చుక్కల ఆయిలు వేయండి. చిటపటలాడితే నీళ్ళున్నాయి. చుక్కలే వేయండి, ముఖం దూరంగా పెట్టండి. వంటింటి పెనం వాడితే తర్వాత జరిగేదానికి నా బాధ్యత లేదు.

4. నాజిల్లు తీయండి

చుట్టూ ఉన్న మట్టిని ముందు బ్రష్షుతో, డీజిలుతో కడగండి. లేకపోతే అది నేరుగా సిలిండర్లోకి రాలుతుంది. నాజిల్లు తీశాక పైపుల చివరలకు, నాజిల్లకు శుభ్రమైన ప్లాస్టిక్ చుట్టండి. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టండి.

ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని, నాజిల్ రంధ్రాల మీదికి వంగకుండా, పుల్లీ నట్టును మళ్ళీ మెల్లగా తిప్పండి. నీళ్ళు పిచికారీలా ఎగిరి ఇంజను తిరిగిందా? అయితే అది పట్టెయ్యలేదు, నీళ్ళకు అడ్డుపడింది. ఏ సిలిండర్లోంచి వచ్చాయో రాసుకోండి, లీకు దాని దగ్గరే ఉంది. రేడియేటరు నిండుగా ఉండి, వచ్చిన నీళ్ళు మసి తప్ప రంగు లేకుండా ఉంటే వాననీళ్ళు. రేడియేటరు మట్టం తగ్గి ఉండి, నీళ్ళకు కూలెంటు రంగో తుప్పు రంగో ఉంటే అవి లోపలి లీకువి.

వాననీళ్ళే అయితే అదృష్టం. రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పి నీళ్ళన్నీ పోగొట్టి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజనాయిలు వేసి మళ్ళీ తిప్పండి. నేరుగా 7వ అడుగుకు వెళ్ళండి.

నీళ్ళు రాలేదు, ఇంజనూ కదల్లేదు అంటే నిజంగానే పట్టేసింది.

5. పట్టేసిన ఇంజన్ని వదిలించడం

ముందు వాల్వు కవరు తీసి చూడండి. చాలామంది మరిచిపోయే పని ఇది. వాల్వులు తుప్పుతో గైడుల్లో బిగుసుకుని ఉంటే, కింద పిస్టన్ వదిలినా పైన వాల్వుల్ని తెరిచే పుష్ రాడ్లు వంగుతాయి. తెరుచుకుని ఉన్న వాల్వుల కాడల దగ్గర కూడా నూనె వేయండి.

తుప్పు కేసు అయితే నానబెట్టడమే మందు. పవర్ స్టీరింగ్ ఆయిలు సగం, డీజిలు సగం కలిపి, ఒక్కో సిలిండర్లో టీ గ్లాసుడు పోయండి. ఎసిటోను కలిపితే ఇంకా బాగా దిగుతుంది. కానీ అది పెట్రోలులా భగ్గుమంటుంది, ఆవిరవుతుంది కూడా. షెడ్డు తలుపులు తెరిచి ఉంచాలి, బీడీ సిగరెట్టు దగ్గరికి రాకూడదు. గ్లో ప్లగ్గులున్న పాత ఇంజన్లలో నాజిల్ ముందు చిన్న గది ఉంటుంది, నూనె పిస్టన్ మీదికి దిగడానికి సమయం పడుతుంది. కొంచెం కొంచెంగా పోయండి.

మూడు రోజులు ఊరికే వదిలేయండి. నాలుగో రోజు నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నట్టు మీద ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం బిగువు పెట్టండి. ఉయ్యాల ఊపినట్టు ఊపాలి, లాగకూడదు. నట్టు వదులయ్యే వైపు మరీ జాగ్రత్త. వెంట్రుకవాసి కదిలినా చాలు, ఇంకో గ్లాసు నూనె వేసి రేపటికి వదిలేయండి. సెల్ఫ్ రంధ్రంలోంచి ఫ్లైవీల్ పళ్ళకు లివరు వేసి తిప్పేవాళ్ళు ఉన్నారు. చేయొచ్చు గానీ ఒక్క పంటి మీదే బలం పెడితే అది విరుగుతుంది, ఆ తర్వాత బండిని రెండుగా విడదీయాలి.

పది పన్నెండు రోజులకూ కదలకపోతే హెడ్డు తీయక తప్పదు. తీశాక స్లీవులో పిస్టన్ పైన ఉన్న తుప్పును సన్నటి ఎమ్రీతో ముందు పోగొట్టి, పొడిని గుడ్డతో తుడిచేయండి. తుప్పు గీత దాటకుండా పిస్టన్ పైకి రాలేదు. అప్పుడు స్లీవుకు దాదాపు సరిపోయే మొద్దు చెక్క పెట్టి, సుత్తితో తట్టండి. తట్టాల్సింది స్లీవులో సగం ఎత్తులో ఆగి ఉన్న పిస్టన్‌ను. పూర్తిగా పైనో పూర్తిగా కిందో ఉన్నదాన్ని ఎంత కొట్టినా క్రాంకు తిరగదు, పిస్టనే పగులుతుంది. ఇనుప రాడ్డుతో అసలే కొట్టొద్దు.

హెచ్ఎంటీ జెటార్ లాంటి బండ్లలో స్లీవుల చుట్టూ నేరుగా నీళ్ళే ఉంటాయి, కింద రబ్బరు రింగులు ఆపుతాయి. హెడ్డు లేకుండా క్రాంకు తిప్పితే స్లీవు కూడా పిస్టన్‌తో పాటు లేస్తుంది, రింగు సీలు చెడిపోతుంది. వాషర్లు, పాత బోల్టులతో స్లీవుల్ని ముందు బిగించి పెట్టాకే తిప్పండి.

వేడికి పట్టేసిన ఇంజను సంగతి వేరు. అది చల్లారాక చాలాసార్లు తనంతట తనే వదులుతుంది. "తిరుగుతోందిగా" అని స్టార్టు చేసేస్తారు. వద్దు. పిస్టన్‌లోని అల్యూమినియం స్లీవు గోడకు పూసుకుపోయి ఉంటుంది, గీతలు పడి ఉంటాయి. విప్పి చూడాల్సిందే. బేరింగు పట్టేసినదైతే పైన ఎంత నూనె పోసినా లాభం లేదు, చాంబర్ దించాలి. ట్రాక్టరులో ఇంజనే ఛాసిస్. మాస్సీ లాంటి వాటిలో ముందు యాక్సిల్ బరువు ఇంజను మీద, దాని ఇనుప చాంబర్ మీద ఆనుకుని ఉంటుంది. స్టాండ్లు లేకుండా, జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరొద్దు. ఆ పని షెడ్డుకు వదిలేయడం మేలు.

6. నీళ్ళు ఎక్కడ కారుతున్నాయి?

*బయటి లీకు.* ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంతా తుడిచి ఆరబెట్టి, రేడియేటరు నింపి, కింద అట్టముక్క పరిచి రాత్రికి వదిలేయండి. పొద్దున అట్ట మీద మరక నుంచి నిలువుగా పైకి చూడండి. నీళ్ళు ఆరిపోయినా తెల్లటి ఉప్పు చారికో తుప్పు చారికో మిగులుతుంది. దాని పైకొస ఎక్కడుందో అక్కడే లీకు.

నేను చూసే వరస ఇది. హోస్ పైపులు, క్లాంపులు (కింది పైపును పిండి చూడండి, మెత్తగా ఉబ్బితే పోయినట్టే). రేడియేటర్ కింది ట్యాంకు అతుకు. రేడియేటర్ కుళాయి, బ్లాకు కుళాయి. నీళ్ళ పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. దానిలోంచి చుక్కలు పడితే లోపలి సీలు పోయింది. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసేవాళ్ళున్నారు, అప్పుడు ఆ నీళ్ళు పంపు బేరింగులోకి పోతాయి. తర్వాత థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వు) మూత. తర్వాత బ్లాకు పక్కన ఉండే గుండ్రటి రేకు మూతలు, అంటే కోర్ ప్లగ్గులు. క్లచ్ హౌసింగ్ అడుగు రంధ్రం నుంచి నీళ్ళు కారుతుంటే ఇంజను వెనకవైపు ప్లగ్గును అనుమానించండి.

రాత్రంతా పెట్టినా అట్ట పొడిగానే ఉండి, పనిలో మాత్రం మట్టం తగ్గుతోందా? ముందు మూత చూడండి. దాని మీద ఒత్తిడి అంకె రాసి ఉంటుంది, పాత బండ్లకు 7 పీఎస్ఐ చుట్టుపక్కల. రబ్బరు ఎండిపోయిన మూత నీళ్ళను పక్క గొట్టం నుంచి తోసేస్తుంది. చవకైన మూత మార్చకుండా ఇంజను విప్పొద్దు. రేడియేటర్ రెక్కల్లో గడ్డి, దమ్ము బురద కూడా చూడండి. అది లీకు కాదు గానీ వేడికి నీళ్ళు పొంగిపోయి లీకులాగే కనిపిస్తుంది.

*లోపలి లీకు.* ఇంజను తిరిగే స్థితిలో ఉంటేనే ఈ పరీక్ష. నూనెతో నానబెట్టి వదిలించినదైతే ముందు 7వ అడుగు పూర్తి చేసి రండి. పూర్తిగా చల్లారాక ఫ్యాను బెల్టు తీసి, రేడియేటరు మెడ దాకా నింపి, మూత తీసే ఉంచి స్టార్టు చేయండి. బెల్టు లేదు కాబట్టి నీళ్ళు నిశ్చలంగా ఉండాలి. మొదట కొన్ని బుడగలు రావడం మామూలే. ఆగకుండా వస్తూ, రేసు పెంచితే పెరుగుతుంటే సిలిండర్ గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. హెడ్ గ్యాస్కెట్ గానీ, పగిలిన హెడ్డు గానీ. రెండు నిమిషాలకు మించి నడపొద్దు. మూత పెట్టి నడిపినప్పుడు నిమిషంలోపే, ఇంకా వేడెక్కకముందే, పై హోసు రాయిలా గట్టిపడినా ఇదే అర్థం.

ఇంజను తిరగకపోతే రేడియేటర్ షాపు నుంచి ప్రెషర్ టెస్టర్ తెచ్చి, మూత మీద ఉన్న అంకె దాకానే గాలి కొట్టి పావుగంట ఉంచండి. "ఇంకాస్త కొడదాం" అంటే పాత రేడియేటర్ అతుకే ఊడుతుంది. ముల్లు పడిపోతోంది, బయట చుక్క లేదు. అప్పుడు నాజిల్ రంధ్రాల్లో, డ్రెయిన్ బోల్టు దగ్గర చూడండి. సిలిండర్లో తడి కనిపిస్తే గ్యాస్కెట్టో హెడ్డో. చాంబర్లోకి దిగుతుంటే స్లీవు రబ్బరు రింగులు, లేదా స్లీవుకు పడ్డ సూదిబెజ్జం, లేదా బ్లాకు పగులు. వట్టి నీళ్ళతో ఏళ్ళ తరబడి నడిచిన స్లీవులకు బయటివైపు గుంటలు పడి, చివరికి బెజ్జమవుతుంది.

పసుపు సంగతి అడుగుతారు, తెలుసు. రేడియేటర్లో పసుపు పోస్తే చిన్న చెమ్మ ఆగుతుంది, పొలం నుంచి ఇల్లు చేరొచ్చు. చేరాక దించేసి కడగాలి. అదే వైద్యమని నాలుగుసార్లు పోస్తే సన్న గొట్టాలు మూసుకుని వేడి మొదలవుతుంది. లోపలి లీకుకు అది ఏ మాత్రం పనిచేయదు.

హెడ్డు విప్పాల్సి వస్తే గ్యాస్కెట్ ఒక్కటే మార్చి మూసేయొద్దు. ఇనుప స్కేలును అంచు మీద నిలబెట్టి, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్న రేకులతో) హెడ్డు వంపు చూపించండి, పగులుకు ప్రెషర్ పెట్టించండి. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, మీ బండి మాన్యువల్లో ఉన్న టార్క్ (బిగింపు బలం) ప్రకారం. చేతి అంచనాతో బిగించిన గ్యాస్కెట్ ఒక సీజను తర్వాత మళ్ళీ పిలుస్తుంది.

7. మొదటిసారి స్టార్టు చేయడం

నానబెట్టిన నూనె సిలిండర్లలో ఉండగా నాజిల్లు బిగించి స్టార్టు చేస్తే రెండు ప్రమాదాలు. నూనెకే ఇంజను అడ్డుపడొచ్చు, లేదా ఆ నూనెనే తాగి ఆపినా ఆగకుండా పరుగెత్తొచ్చు. అందుకే నాజిల్లు లేకుండా, పైన గుడ్డలు కప్పి, ముందు చేత్తో, తర్వాత సెల్ఫు, ఎర్త్ వైరు తిరిగి బిగించి సెల్ఫుతో తిప్పి నూనెంతా బయటికి పంపండి.

కొత్త ఆయిలు, కొత్త ఫిల్టరు వేయండి. మొదటిది చవక ఆయిలైనా సరే, కాసేపటికే దించుతాం. డీజిలు మూసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా విడతలు విడతలుగా సెల్ఫ్ కొట్టండి. రాగి వాషర్లు మార్చి నాజిల్లు బిగించి, ఫ్యాను బెల్టు వేసి, డీజిలు పైపుల్లో గాలి తీసి, అప్పుడు స్టార్టు. ఒక మనిషి చెక్కపలక పట్టుకుని ఎయిర్ క్లీనర్ గొట్టం దగ్గర నిలబడాలి. పరుగెత్తితే గాలి మూయడమే దారి. చెయ్యి అడ్డం పెట్టొద్దు.

మొదట తెల్లపొగ, నీలిపొగ రెండూ వస్తాయి, పది నిమిషాల్లో తగ్గాలి. తగ్గాక ఆపి, ఆ ఆయిలు దించి, ఫిల్టరుతో సహా మంచిది వేయండి.

8. బాగయిందని ఎలా తెలుస్తుంది?

రేడియేటర్ మెడ లోపల మట్టం దగ్గర మార్కరుతో గీత పెట్టండి. మూడు పొద్దులు వరసగా, చల్లగా ఉన్నప్పుడే చూడండి. మొదటిరోజు కాస్త దిగొచ్చు, లోపల చిక్కిన గాలి బయటికి పోతుంది. రెండో, మూడో రోజు కూడా దిగితే లీకు ఇంకా ఉంది. అదే మూడు పొద్దులూ డ్రెయిన్ బోల్టు రెండు మరలు వదిలి, చుక్క నీళ్ళు కూడా రాలేదని చూసి బిగించండి. పనిలో వేడి 80 నుంచి 90 డిగ్రీల మధ్య నిలబడాలి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసి నడపొద్దు. చల్లటి ఇంజనులో కూడా స్లీవులు అరుగుతాయి.

నింపే నీళ్ళ గురించి: నల్లగొండ, ప్రకాశం వైపు బోరునీళ్ళు పోస్తే బ్లాకులో సున్నం కడుతుంది. డిస్టిల్డ్ వాటరు, డబ్బా మీద చెప్పిన పాళ్ళలో కూలెంటు. కలిపి అమ్మే రకమైతే మళ్ళీ నీళ్ళు కలపొద్దు. లంబసింగి వైపు తప్ప మనకు నీళ్ళు గడ్డకట్టే భయం లేదు కదా, కూలెంటు ఎందుకంటారు. తుప్పు పట్టకుండా, స్లీవులకు గుంటలు పడకుండా, నీళ్ళు ఆలస్యంగా మరగడానికి.

ఈసారి షెడ్డులో పెట్టేటప్పుడు సైలెన్సర్ మీద ఖాళీ డబ్బా బోర్లించండి. నెలకోసారి స్టార్టు చేసి, బాగా వేడెక్కేదాకా నడిపి ఆపండి. స్టార్టు చేసే ముందు ఆ డబ్బా తీయడం మరిచిపోవద్దు, మా షెడ్డు రేకుకు ఇప్పటికీ ఒక సొట్ట ఉంది.